లగ్గాలు లేని నెలలో మంచుకొండ

ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పేమిటని ఎవరైనా అడిగితే, ఒక వాదనలో గెలవడం అని చెప్తాను. కొత్తవాళ్లు నవ్వుతారు. నన్ను ఎరిగినవాళ్లు, ఒక్కటేనా అంటారు.

వనపర్తి బస్టాండుకు ఎదురుగా, ఎరువుల దుకాణం పైన ఉండేది మా ఆఫీసు. యాత్రలకు బస్సులు తిప్పే చిన్న సంస్థ. డిగ్రీ చేతికొచ్చి, టైపు పరీక్ష పాసై, సర్కారు నౌకరీ వచ్చేదాకా కాలక్షేపం అనుకుని ఎనభైల చివర్లో చేరాను. సర్కారు నన్ను పిలవలేదు. రెండుసార్లు అడిగి నేనూ ఊరుకున్నాను. తల అక్కడే నెరిసింది. మెట్లెక్కి వచ్చేవాళ్లకు మొదట యూరియా వాసన తగిలేది, తర్వాత నా నోరు తగిలేది. రెండింట్లో యూరియానే నయమని మా యజమాని అంటుండేవాడు. ఆయన్ను అందరం సేటు అనే పిలిచేవాళ్లం.

కాశీకో రామేశ్వరానికో బస్సు కదలాలంటే ముందు నా కాగితం మీద కదలాలి. ఏ ఊళ్లో తెల్లవారాలి, ఏ సత్రంలో దిగాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఏ గుడి మెట్ల దగ్గర కింద కూర్చోబెట్టాలి, అన్నీ నేనే రాసిచ్చేదాన్ని. వెంట పోయేది మాత్రం మగవాళ్లు. వాళ్లతో పాటు వంట పెద్దమ్మ. ఆమెది అమరచింత దగ్గర పల్లె. అక్షరం రాదు. కాశీకి పదకొండు సార్లు పోయి వచ్చింది. నేనేమో డిగ్రీ చదివి కూడా కృష్ణ దాటినదాన్ని కాదు.

ప్రతి బస్సుకూ అడిగేదాన్ని.

"సేటూ, ఈసారి నేను వోత."

"ఆడపిల్లవు. నలభై మందిని ఏం మోస్తవు?"

"మోసేది బస్సు సేటూ. నేను మోస్తనా?"

ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు. అది ఆయన జవాబు.

అట్లా నాలుగేళ్లు గడిచాక, ఒక మధ్యాహ్నం గద్వాల నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఫొటో స్టూడియో ఆయనది. గద్వాలలో ఆయన ముందు స్టూలు మీద కూర్చోని ముఖం లేదని తర్వాత తెలిసింది. కాశీకి రెండు సీట్లు రాయించుకుంటానంటే, పేర్లు చెప్పు కాకా అన్నాను. పేరు చెప్పకుండా గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. అందులో మంచుకొండ ఉంది.

"బిడ్డా, గీడికి తోల్కపోరా మీరు?"

"గుడి లేని చోటికి మా బస్సు పోదు కాకా. ఎందుకు?"

"ముప్పై ఏండ్ల సంది మనుషులను కూసోవెట్టి కదలకు, కదలకు అనుకుంటనే బతికిన. చెప్పకున్నా కదలనిదాన్ని ఒక్కసారి తీయాలని ఉన్నది. అంతే."

ఆ మాట నా బుర్రలో పురుగులా దూరింది. నేపాల్‌కు పాస్‌పోర్టు అక్కర్లేదు. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడ సరిహద్దు దాటితే బస్సు. అక్షరాలా విదేశమే, అయినా మా పాలమూరువాడు ఓటరు జాబితాలో పేరు చూపించి పోయి రాగల విదేశం. ఫొటోలు తీసేవాళ్లను మాత్రమే తీసుకుపోయి, కొండలు తెలిసిన మనిషిని అక్కడ వెంట పెట్టి, ఏ పూట ఏ వెలుగు ఎక్కడ పడుతుందో చూపించి తెచ్చే యాత్ర! మన దిక్కు ఎవరూ చేయలేదు. సేటుతో మూడు రోజులు వాదించాను. నాలుగో రోజు ఆయన అలసిపోయాడు.

"పన్నెండు మందిని జమ చెయ్. పన్నెండుకు ఒక్కడు తక్కువైనా యాత్ర లేదు. జమైతే నువ్వే తోల్కపో. ఇగ నా పాణం తియ్యకు."

అంటే, పన్నెండు పేర్లు నిలబడితే నేను కొండను చూస్తాను. నిలబడకపోతే కుర్చీనే. నా లెక్క అంత తేటగా ఉండేది.

నెల ఎంచుకోవడం నాకు సమస్యే అనిపించలేదు. మా ఊళ్ల ఫొటోగ్రాఫర్లకు బతుకుతెరువు లగ్గాలు. ముహూర్తాలున్న నెలలో వాళ్లను కదిలించడం ఎవరి తరమూ కాదు. లగ్గాలు లేని నెలలు ప్రధానంగా రెండు: ఆషాఢం, పుష్యం. పుష్యంలో శబరిమల పోయే అయ్యప్ప స్వాములతో మా ఆఫీసులో నిలబడే సందుండదు. సేటు నన్ను కుర్చీలోంచి లేవనివ్వడు. ఇక మిగిలింది ఆషాఢం. పంచాంగం చూశాను, ఆఫీసు పని చూశాను. ఆకాశం మాత్రం చూడలేదు.

కాశీలో మా యాత్రికులు దిగే సత్రం మేనేజరు పోఖరాలో ఒక లాడ్జి యజమాని చిరునామా ఇచ్చాడు. ఫొటోలు తీసేవాళ్లను కొండదారుల్లో తిప్పడమే ఆయన పని. ఇంగ్లీషులో ఉత్తరాలు రాశాను. తెల్లవారుజామున ఎక్కడ నిలబడాలి, చెరువులో కొండ నీడ ఏ ఒడ్డు నుంచి కనిపిస్తుంది, కెమెరా స్టాండు మోయడానికి మనిషి దొరుకుతాడా, అన్నీ అడిగాను. ఏ నెలలో రావాలని మాత్రం అడగలేదు. అది నాకు తెలుసు కదా! ఆయన ఓపికగా జవాబులు రాశాడు. వాటిని బట్టి రోజుకొక పేజీ చొప్పున, ఎన్నింటికి లేవాలి, ఎక్కడ నిలబడాలి అని పట్టిక తయారుచేశాను.

పన్నెండు మంది జమయ్యారు. గద్వాల పెద్దాయన మొదటి పేరు. వనపర్తి నుంచి ముగ్గురు, నాగర్‌కర్నూలు, కొల్లాపూర్, అమరచింత, ఆ చుట్టుపక్కల నుంచి మిగతావాళ్లు. లగ్గాల ఫొటోలు తీసే చేతులు కదా, మొదటి సమావేశంలో వచ్చిన ప్రశ్నలు కూడా అట్లాంటివే.

"మేడం, కొండకు ఫ్లాష్ కొడితే అందుతదా?"

"ముందల ఎవరన్న నిలవడకపోతే ఫొటో బోసిగ ఉండదా? మా బావమరిదిని తెచ్చుకుంట, సూటేస్కొని నిలవడతడు."

"పదమూడోవాడికి సీటు లేదు" అన్నాను. "మీ బావమరిదిని మీ ఇంట్లనే నిలవెట్టి తియ్యిండ్రి."

అప్పుడు నాగర్‌కర్నూలు ఫొటోగ్రాఫర్ చెయ్యెత్తాడు. ముప్పై దాటిన మనిషి, నెమ్మదస్తుడు, తొందరపడి మాట్లాడడు.

"చెల్లె, మా తమ్ముడు మిలిట్రీల ఉన్నడు. ఆ కొండల దిక్కు చేసిండు. ఆషాఢంల ఆడ పది దినాలైనా పొద్దు కనవడదంటడు."

నేను లేచి నిలబడ్డాను. నిలబడ్డానంటేనే ఆఫీసులో కొందరు నవ్వడం మొదలుపెట్టేవారు.

"అన్నా, మన దగ్గర ఆషాఢంల ఏం వస్తది?"

"మబ్బొస్తది."

"వాన?"

"ఏడిది? వస్తే మంచిదే."

"మబ్బొచ్చి మనల్ని చూసి వోతది, అంతే గదా. వాన కోసం రోకలికి కప్పను కట్టి కప్పతల్లి ఆడి, ఇంటింటికీ తిరిగి నీళ్లు పోయించుకునే ఊరోళ్లం. మనం వానకు భయపడి ప్రయాణం మానుకున్నమంటే ఆ కప్పలు నవ్వవా? మీ తమ్ముడు గొడుగు మర్చిపోయి పోయుంటడు."

గది గొల్లుమంది. ఆ అన్న కూడా నవ్వి కూర్చున్నాడు. గద్వాల పెద్దాయన నా వైపు మెచ్చుకోలుగా చూశాడు. నేను గెలిచాను.

ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే, మా నేల మనుషులు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది. వాన అంటే నాకు తెలిసింది పాలమూరు వాన. ఆషాఢంలో ఆకాశం మసకేస్తుంది, రైతులు మెడ ఎత్తుతారు, గాలి మబ్బును కర్నాటక వైపు తోలుకుపోతుంది. మా దగ్గర మబ్బుకు ఆగే అలవాటు లేదు. ప్రపంచంలో ఎక్కడైనా మబ్బు అంతే అనుకున్నాను. వాన వచ్చి, పోకుండా కూర్చునే చోటు ఒకటి ఉంటుందని డిగ్రీ పుస్తకంలో చదివి పరీక్ష కూడా రాశాను. నమ్మలేదంతే.

లగ్గాలు జోరుగా సాగుతున్న రోజుల్లో పోఖరా నుంచి ఉత్తరం వచ్చింది. అంతకుముందే మా తేదీలు ఖరారు చేసి పంపాను, దానికి జవాబు. లాడ్జి యజమాని మర్యాదగానే రాశాడు. మీరు చెప్పిన రోజుల్లో కొండ ఉంటుంది గానీ మీకు కనబడదు, ఆ నెలల్లో మా పిల్లలే దాన్ని మరిచిపోతారు, మీవాళ్లు అంత దూరం వచ్చి తెల్లటి గోడను ఫొటో తీసుకుని పోవడం నాకిష్టం లేదు, చలికాలంలో రండి, అని సారాంశం.

రెండుసార్లు చదివాను. తన ఊరి వాన గురించి గొప్పలు పోతున్నాడులే అనుకున్నాను. తర్వాత నాగర్‌కర్నూలు అన్న ముఖం గుర్తొచ్చింది. తర్వాత పన్నెండు పేర్లు. నెల మారితే పన్నెండూ నిలబడవు. నిలబడినా, పుష్యంలో నాకు సెలవు లేదు. ఉత్తరం మడిచి సొరుగులో రబ్బరు స్టాంపుల కింద పెట్టాను.

వంట పెద్దమ్మ అప్పుడే పైకొచ్చింది. విదేశీ తపాలా బిళ్ల ఉన్న కవరు బల్ల మీదే ఉండిపోయింది.

"ఏమంట బిడ్డా?"

"ఏం లేదు పెద్దమ్మా. ఊకెనే రాసిండు."

"ఏం లేకపోతె దేశం గాని దేశంకెల్లి రాస్తడా?"

"క్షేమమడిగిండు."

"ఎవరి క్షేమం? నిన్ను సూడనన్న సూడలే గదా ఆయన."

ఆమెతో వాదించి నేనెప్పుడూ గెలవలేదు. అందుకే వాదించేదాన్ని కాదు.

ఇరవై రోజులు గడిచాయి. ఆ ఇరవై రోజుల్లో చాలా పని చేశాను. రీళ్లు తడవకుండా డబ్బాలు తెప్పించాను. గద్వాల పెద్దాయన రెండుసార్లు వచ్చిపోయాడు. ఆయన గల్లీలో మగ్గాలు నేసేవాళ్లు, మంచులో ఎన్ని రకాల తెలుపులుంటాయో చూసి రమ్మన్నారట, చీర అంచుకు పనికొస్తుందని. అది చెప్తున్నప్పుడు నేను స్టాంపు ప్యాడ్‌లో సిరా పోస్తూ తల దించుకున్నాను. పెద్దాయన వెళ్లాక చూస్తే బల్లంతా సిరా.

ఆ తర్వాత వంట సామాను జాబితా రాసివ్వమని పెద్దమ్మ అడిగింది. రాసి, చదివి వినిపించాను. కిరోసిన్ పొయ్యిలు రెండు, గిన్నెలు, చింతపండు, కారం, ఎల్లిపాయ, టార్పాలిన్ పట్టలు రెండు.

"పట్టలెందుకు?"

"పొయ్యి మీద కప్పేతందుకు. వానకు."

"వాన ఉండదంటివి గదా. ఫొటోలోళ్లకు అందరి ముందట చెప్తివి. ఆ నాగర్‌కర్నూలు పిలగాన్ని ఎక్కిరిస్తివి. నా పొయ్యికొక వాన, వాళ్ల కొండకొక వానా?"

జాబితాను మళ్లీ చూశాను. మనసు దాచినదాన్ని చెయ్యి జాబితాలో రాసేసింది. ఇన్ని యాత్రలకు రాసిన చెయ్యి కదా, తడిసే చోటికి పట్ట లేకుండా పంపడం దానికి చేతకాలేదు.

పెద్దమ్మ కింద కూర్చుంది.

"సదువు ఆ ఉత్తరం."

చదివాను, తెలుగులో చెప్తూ. మొత్తం విని అంది: "నీకు ఆ కొండను సూడాలని ఉన్నది. నాకెర్కనే. ఉండాలె గూడ. గని ఆ ముసలాయన యాడాదంతా దాసుకున్న దినాలు పట్టుకొని నీ వెనక వస్తుండు. ఆయనకు గోడ సూపిచ్చి, నువ్వు ఏం సూసి వస్తవు?"

మరుసటి ఆదివారం ముహూర్తం లేదు. ప్రయాణానికి ముందు ఆఖరి సమావేశం. పన్నెండు మందీ వచ్చారు. కొత్త సంచులు, కొత్త స్వెట్టర్లు. ఒకాయన మంకీ టోపీ పెట్టుకునే వచ్చాడు, మా ఎండకు చెమటలు కారుతున్నా తీయలేదు. సేటు అందరికీ చాయ్ తెప్పించాడు. నేను చాయ్ ముట్టకుండా ఉత్తరం తీసి చదివాను. మెల్లగా, ఒక్కో వాక్యం తెలుగు చేస్తూ. పిల్లలే కొండను మరిచిపోతారన్న చోట వరస తప్పింది. మళ్లీ మొదటి నుంచి ఆ వాక్యం చదివాను.

ఎవరూ నవ్వలేదు. మంకీ టోపీ ఆయన టోపీ తీశాడు.

నాగర్‌కర్నూలు అన్న నన్ను ఎత్తిపొడుస్తాడని ఎదురుచూశాను. ఆయన అననే లేదు. పక్కాయన అన్నాడు: "ఇంగ కప్పలు నవ్వుతయి మేడం."

గద్వాల పెద్దాయన చెయ్యి చాపి ఉత్తరం అడిగాడు. ఇంగ్లీషు రాదాయనకు. కవరు మీది తపాలా ముద్రను మాత్రం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎన్నడొచ్చింది బిడ్డా ఇది?"

అక్కడ అబద్ధం చెప్పే సందుంది. తపాలా ఆలస్యం అనొచ్చు. నేపాల్ తపాలాను తిట్టొచ్చు, తిట్టడం నాకు వచ్చిన పనే.

"ఇరవై దినాలైంది కాకా."

"నేను రెండుమాట్ల వచ్చిపోయిన గదా నడుమ."

"వచ్చినవు."

"చెప్పలే."

"చెప్పలే."

ఆయన అరిచి ఉంటే బాగుండేది. అరుపుకు జవాబు నాకు పుట్టుకతోనే వచ్చు. ఆయన ఉత్తరం మడతల ప్రకారమే మడిచి తిరిగిచ్చాడు.

"గట్టిగ మాట్లాడితె మేమంత ఊకున్నం. నువ్వు చదువుకున్నదానివని ఊకున్నం. తప్పు మాది గూడ ఉన్నది" అన్నాడు. తర్వాత, "చలికాలంల కనవడతదంట గదా. నా పేరు పుష్యంకు రాయి."

ఆ తర్వాత గది సంతలా మారింది. సేటు నన్ను అందరి ముందూ తిట్టాడు, టికెట్లు రద్దు చేసే తంతు చూసి మరోసారి తిట్టాడు. ఇద్దరు అప్పుడే మెట్లు దిగిపోయారు. పుష్యంలో బడుల గ్రూప్ ఫొటోలున్నాయని ఒకరు, క్రిస్టియన్ల లగ్గాలు ఆ నెలలోనే ఉంటాయని ఇంకొకరు పేర్లు కొట్టేయించుకున్నారు. చివరికి మిగిలింది ఐదుగురు. సేటు యాత్రే లేదన్నాడు. పన్నెండు కదా షరతు! పెద్దాయన కుర్చీలోంచి లేవలేదు. సాయంత్రం దాకా లేవలేదు. ఆయన్ను చూసి మిగతా నలుగురూ లేవలేదు. దీపాలు పెట్టే వేళకు సేటు దండం పెట్టాడు.

"పోండ్రి. ఐదుగురే పోండ్రి. గని ఈమెను మాత్రం పంప. పుష్యంల స్వాముల పని ఎవరు చూస్తరు? ఈమె, ఈమె నోరు రెండూ ఈడనే ఉండాలె."

ఎవరు తీసుకుపోవాలన్న ప్రశ్న వచ్చింది. నేనే చెప్పాను, ఆ ఐదుగురిలో ఉన్న నాగర్‌కర్నూలు అన్నను పంపమని. ఆ రోజు నేను చెప్పినవాటిలో ఎవరూ ఎదురు చెప్పని మాట అదొక్కటే. పట్టిక కాగితాలన్నీ ఆయన చేతిలో పెట్టాను. చలికాలం పొద్దుకు సరిపడేట్టు టైములు మార్చి మళ్లీ టైపు చేసిచ్చాను. వంట పెద్దమ్మ కూడా వెళ్లింది. ఈసారి జాబితాలో పట్టలు లేవు, కంబళ్లున్నాయి.

వాళ్లు రైలెక్కిన రోజు ఆఫీసులో ముప్పై మంది స్వాములు. ఒకాయన ఇరుముడి గురించి ఏదో అడిగితే కసిరాను. దీక్షలో ఉన్న మనిషిని కసిరినందుకు సేటు నన్ను మళ్లీ తిట్టాడు. ఆ నెలంతా అట్లానే గడిచింది.

ఈ పనుల్లోకి కొత్తగా వస్తున్న మీలాంటి పిల్లలకు చెప్పేదేమిటంటే, నెల తప్పు రాసినందుకు నాకు ఇప్పుడు నవ్వే వస్తుంది. పొడి నేల మీద పుట్టినదాన్ని, తెలియలేదు. కానీ ఉత్తరం వచ్చాక గడిచిన ఇరవై రోజులను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు రాదు. ఆ రోజుల్లో నేను చేసిన పని అంతా చక్కగా ఉంది. డబ్బాలు, జాబితాలు, రశీదులు, ఒక్కటీ పొల్లుపోలేదు. తప్పు మీద కూర్చుని ఎంత నేర్పుగా పనిచేయవచ్చో నాకు అప్పుడే తెలిసింది.

వాళ్లు తిరిగొచ్చిన వారానికి గద్వాల పెద్దాయన ఒక్కడే వచ్చాడు. ముఖం నల్లబడింది, పెదవులు పగిలాయి. ఫొటోలు తెచ్చాడేమో అనుకుని బల్ల తుడిచాను. ఫొటోలు ఇంకా కడగలేదట. చొక్కా జేబులోంచి నా పట్టిక తీసి బల్ల మీద కొట్టాడు.

"ఏంది బిడ్డా ఇది? నీ కాయితం నమ్మి మొదటి దినం ఆగమైన. ఏడింటికి పొద్దొడుస్తది, గప్పటికల్ల చేరుకోవాలని రాసినవు. మేం ఎక్కేటాల్లకే కొండ మీద ఎర్రటి ఎండొచ్చి తెల్లగై వోయింది!"

"పంచాంగం చూసి రాసిన కాకా. లాడ్జాయన్ను గూడ అడిగి సరి చేసిన. వాళ్ల గడియారం మనకన్న పావుగంట ముందని అది గూడ కలిపిన. ఏడింటికే పొద్దొడుస్తది."

"చెరువు కాడ ఏడింటికే. నేను నిలవడ్డ కాడ గూడ ఏడింటికే. కొండ అంతెత్తున ఉంటె దానికి ముందల తెల్లారదా? మనకింక చీకటే ఉంటది, దానికి తెల్లారిపోతది. గంత సదువు సదివినవు, ఎత్తు మరిస్తివా?"

మరిచాను. కొండను కాగితం మీద చదునుగా పరిచి లెక్కవేశాను.

"మరి రెండో దినం?" అన్నాను.

"నీ కాయితం సంచిల వెట్టి, చీకట్ల లేసిన. దొరికింది. ఒక రీలు మొత్తం కొట్టిన."

"మూడో దినం?"

చాయ్ వచ్చింది. చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదాడు.

"మూడో దినం తీయలే. కెమెరా సంచిలకెల్లే తీయలే. చూసుకుంట కూసున్న. మీ వంటామె గూడ నా పక్కకు వచ్చి కూసున్నది. ఎండ ఎక్కేదాక ఇద్దరం లేవలే."

టైపు మిషన్‌లో కొత్త కాగితం ఎక్కించాను. వచ్చే పుష్యానికి మళ్లీ ఎవరైనా అడుగుతారు, అడక్కపోతే నేనే జమ చేస్తాను.

"ఎన్నింటికి లేవాలె, చెప్పు కాకా."

"ఐదింటికి."

ఐదు అని కొట్టాను.

"ఎక్కేదానికి గంట వడతది. ముసలోళ్లుంటె గంటంబావు."

గంటంబావు అని కొట్టాను.

"ఆడ చెట్ల కాడ నిలవడొద్దు, అడ్డమొస్తయి. జర ఎడమకు, బండ ఉంటది, దాని మీద."

ఎడమకు, బండ మీద అని కొట్టాను. ఆయన చెప్తూ పోయాడు, నేను కొడుతూ పోయాను. ఒక పేజీ నిండింది. రెండో కాగితం ఎక్కిస్తుంటే ఆయన సాసర్ కింద పెట్టి, కళ్లద్దాలు పైకి జరుపుకుని, నా ముఖంలోకి వంగి చూశాడు.

"ఏం బిడ్డా, ఒక్కదానికీ ఎదురు మాట్లాడవేంది? పాణం బాగలేదా?"